థామస్ ఐరీ రాసిన నాలుగు వరుసలు

ఇంగ్లండులోని కెండాల్ ఊళ్లో నలభై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి నర్సు పని చేసింది విన్‌ఫ్రెడ్ గార్సైడ్. ముసలి మాస్టారు హాలమ్ పోతూ పోతూ పలక కిందికి దించి రాసుకునే తన మహాగనీ చెక్క రాతబీరువా ఆవిడకు రాసిచ్చాడు. పదకొండేళ్లు ఆయన కాలిపుండుకు కట్టు కట్టింది ఆవిడే. ఆ బీరువాను లండన్‌లో పేరుమోసిన పనివాడెవరో చేశాడని హాలమ్ ఇంట్లో తరతరాలుగా చెప్పుకునేవారు.

దాని సొరుగొకటి బిగుసుకుపోయి ఎంత లాగినా రాకపోతే, పాత సామాను బాగుచేసే జోన్ ఎయిన్‌స్కోను పిలిచింది. జోన్ మోకాళ్ల మీద కూర్చుని, ఓపిగ్గా అటూ ఇటూ కదిపి సొరుగు బయటికి తీసింది. దాన్ని బోర్లించి, వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత విన్‌ఫ్రెడ్‌ను కళ్లద్దాలు తెచ్చుకోమంది.

పాలిష్ లేని అడుగుచెక్క మీద పెన్సిలుతో నాలుగు వరుసలున్నాయి. థామస్ ఐరీ అనే కెండాల్ వడ్రంగి రాసినవి. చెయ్యి విరిగి చలికాలమంతా మూలపడితే వదిన ఆగ్నెస్ తనకు చెంచాతో గంజి పట్టిందనీ, చెయ్యి స్వాధీనమయ్యాక చేసిన మొదటి పని ఇదేననీ, ఆమెను దేవుడు చల్లగా చూడాలనీ.

“అయితే లండన్ వాడు కాదన్నమాట,” అంది విన్‌ఫ్రెడ్.

“ఒట్టేసి చెప్పలేను మిసెస్ గార్సైడ్. తర్వాతెప్పుడో బాగుచేసినవాడైనా కావచ్చు. మూలలు కలిపిన తీరు చూస్తే మాత్రం మొత్తం ఒక్క చేతి పనే అనిపిస్తోంది. పెద్ద పేరు పోయిందని బాధగా ఉందా?”

“బాధెందుకమ్మా? ఇది నాకు నిజంగా నచ్చింది ఇప్పుడే.”

జోన్ వెళ్లాక ఆవిడ టీ పెట్టుకుని ఆ వరుసలు మళ్లీ మళ్లీ చదివింది. తను గంజి పట్టినవాళ్లు ఎందరో. వాళ్లలో ఎవరైనా ఎక్కడైనా ఇలా రాసుకున్నారో లేదో. అంతలోనే, తను కూడా అలా ఒక్క వరుసైనా రాయాల్సిన మనిషి గుర్తొచ్చింది. తనకు పంతొమ్మిదేళ్లప్పుడు రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోతే, ఇంటికి పంపెయ్యకుండా పక్కన నిలబెట్టుకుని పని నేర్పిన హెడ్ నర్సు మాడ్ పికర్స్‌గిల్. ఆవిడకిప్పుడు తొంభై ఆరేళ్లు. మోర్‌కాంబ్‌లో వృద్ధాశ్రమంలో ఉందని ఎవరో అన్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆవిడకు కృతజ్ఞత చెప్పుకోలేదు.

బీరువా పలక దించి, కాగితం పెట్టుకుని మాడ్‌కు రెండు పేజీల ఉత్తరం రాసింది.

పది రోజులకు వంకర అక్షరాలతో జవాబొచ్చింది. “నువ్వెవరో గుర్తు రావడం లేదు తల్లీ. నా దగ్గర కళ్లు తిరిగి పడినవాళ్లు చాలామంది. అయినా నీ ఉత్తరం ఇక్కడి అమ్మాయిల చేత మూడుసార్లు చదివించుకున్నాను. మళ్లీ రాయి.”

విన్‌ఫ్రెడ్ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ మధ్యాహ్నమే మళ్లీ రాయడానికి కూర్చుంది.