నెత్తురు చెప్పిన సాక్ష్యం

ఆసియాను గేటు బయటికి నెట్టిన పొద్దున మేమంతా అక్కడే ఉన్నాం. రెక్క పట్టి ఈడ్చింది కంట్రాక్టర్ లింగమూర్తి మనిషి. ఆమె అరవలేదు. అరిచేంత ఊపిరి ఆమెకు లేదు.

గోదావరిఖని బొగ్గుబావుల్లో పైకప్పు పగుళ్లు పూడ్చే రసాయనాన్ని మా రేకుల షెడ్డులో కలిపి డబ్బాల్లో నింపుతాం. డ్యూటీలో ఛాతీ బిగుసుకుంటుంది, పిల్లికూతలు వస్తాయి. సెలవునాడు ఇంటి దగ్గర కాస్త తెరిపి. ఈ సంగతి అందరికీ తెలుసు, పైకి అంటే పని పోతుంది. భూములు ఓపెన్‌కాస్టు గనుల కింద పోయినవాళ్లం, ఇంకెక్కడికి పోతాం?

లింగమూర్తి డాక్టరును పిలిపించి మా నెత్తురు తీయించాడు. రసాయనం ఒంటికి పడకపోతే నెత్తురులో గుర్తు కనబడుతుందట. ఆసియాకు కనబడింది. లోపం ఆమె ఒంట్లోనే ఉందని తీసేశాడు. మిగిలినవాళ్లకు మళ్లీ పరీక్ష ఉందన్నాడు.

సాయంత్రం షెడ్డులో అందరికన్నా పాతమనిషి సమ్మవ్వ వాకిట్లో కూడాం. నెత్తురు ఇయ్యొద్దని కొందరు, ఇయ్యకుంటే రేపే తీసేస్తాడని కొందరు. గోడకు ఆనుకున్న ఆసియా ఆగి ఆగి మాట్లాడింది.

"షెడ్డుకు రాకముందు నాకు ఏ దమ్ము రోగమూ లేదు. లోపం నాది ఎట్లయితది?"

"రసాయనం పీలిస్తేనే వచ్చే గా గుర్తు లింగమూర్తి తప్పుకు సాక్ష్యం" అంది సమ్మవ్వ. "నెత్తురు ఇద్దాం. కానీ గుర్తు దొరికిందని ఒక్కర్ని తీసేసినా అందరం పని బంద్ చెయ్యాలె."

మాతో డబ్బాలు నింపే రాయమల్లు తల అడ్డంగా ఊపాడు. తన నెత్తురు మంచిగున్నదని, తన ఇల్లు గడవాలని అన్నాడు.

"ఇయ్యాల మంచిగున్నది, తమ్మీ" అంది సమ్మవ్వ.

పరీక్షనాడు మా షరతు విని, ఈ గొడవ తనకొద్దని డాక్టరు సూదులు సర్దుకుని వెళ్లిపోయాడు. లింగమూర్తి మొహం ఎర్రబడింది. డబ్బాల లోడు నిండేదాకా ఒక్కరూ బయటికి రారని మమ్మల్ని షెడ్డులోకి తోలించి తాళం వేయించాడు. డ్రమ్ములు తెరిచి ఉన్నాయి. ఘాటు గొంతులోకి దిగింది. తలుపు బాదాం. పలికినవాడు లేడు.

మొదట కూలింది రాయమల్లే. నోరు తెరిచినా గాలి అందడం లేదు. కళ్లు తేలేశాడు. సమ్మవ్వ ఇనుపకడ్డీ అందుకుని రేకుగోడ సందులో దూర్చింది. మేమంతా ఆ కడ్డీ మీద పడ్డాం. రేకు చిరిగింది. వెలుతురు వచ్చింది, గాలి వచ్చింది. రాయమల్లు తల ఆ సందులో పెట్టి పట్టుకున్నాం. అతని ఊపిరి మళ్లీ మొదలయ్యేదాకా ఎవరం కదల్లేదు.

లింగమూర్తి పిలిస్తే పోలీసులు వచ్చి తలుపు తీయించారు. తాళం వేసినవాణ్ని ఏమీ అడగలేదు. రేకు చింపినందుకు సమ్మవ్వ రెక్క పట్టారు. నేల మీద పడి ఉన్న రాయమల్లు గోడ పట్టుకుని లేచాడు.

"నేను సుత చింపిన. నన్ను సుత తీస్కపోండ్రి."

ఇద్దరినీ జీపెక్కించారు. అప్పటికే రెండో షిఫ్టువాళ్లు గేటు దగ్గర మూగారు. లోపలికి రమ్మని లింగమూర్తి పిలిచాడు. ఎవరూ రాలేదు. వాళ్ల మధ్యనుంచి ఆసియా నడిచి వచ్చి జీపు ముందు కూర్చుంది. ఆమె పక్కన ఒకరు, ఆ వెనక అందరం.

డ్రైవరు హారన్ కొట్టాడు. కొట్టి కొట్టి ఇంజను ఆపేశాడు.