నేను గీసిన ఆఖరి పేజీ

నేను ఒక గ్రాఫిక్స్ కార్డుని. కంప్యూటర్ పెట్టె లోపల, మదర్‌బోర్డు మీదున్న పొడవాటి గాడిలో కూర్చుని, తెర మీద మీరు చూసే ప్రతి బొమ్మనూ గీసి పంపేదాన్ని. పంపేదాన్నే గానీ చూసేదాన్ని కాదు. నేను పెట్టె లోపల, తెర పెట్టె బయట. చూసినవాళ్ళు తెరను మెచ్చుకునేవాళ్ళు. నా ఊసు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో పుట్టి, ముందు కాకినాడలో ఒక గేమ్స్ సెంటర్‌కి చేరాను. కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్ళు నాచేత రోజంతా యుద్ధాలు చేయించేవారు, ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టించేవారు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం ఆ మహావీరులే గొంతు తగ్గించి, "లైబ్రరీలో ఉన్నానమ్మా" అనేవారు. ఆ సెంటర్ మూతపడ్డాక సెకండ్‌హ్యాండ్‌లో సామర్లకోట వచ్చి, త్రిమూర్తులు స్టూడియోలో పడ్డాను.

త్రిమూర్తులు పెళ్ళిళ్ళకు కెమెరా పట్టుకెళ్ళేవాడు. ఆయన తెచ్చిన వీడియోలను కత్తిరించి, అతికించి, పాటలు జతచేసే పని ఆయన భార్య తాయారుది. ఇక్కడ యుద్ధాలు లేవు. పెళ్ళికూతురి చుట్టూ గులాబీలు తిప్పాలి, ఇద్దరినీ మబ్బుల్లోంచి దింపాలి, అంతే. తాయారు అప్పుడప్పుడూ మూత తీసి, పెయింటు బ్రష్‌తో నా ఫ్యాన్ మీది దుమ్ము దులిపేది. "నువ్వు చల్లగా ఉండు తల్లీ, మా పనైపోద్ది" అనేది. నన్ను అలా పిలిచిన మనిషి అంతకు ముందు లేదు, తర్వాతా లేదు.

త్రిమూర్తులు కొత్త కెమెరా కొనడంతో నా కష్టాలు మొదలయ్యాయి. దాని వీడియోలు మహా బరువు. దొరబాబు అనే కుర్రాడి పెళ్ళిని ఆ కెమెరాతోనే తీశారు. ఆ పెళ్ళిలో వాళ్ళ నానమ్మ నూకాలమ్మ మనవడి మీద అక్షింతలు వేయడానికి చెయ్యెత్తిన చోట నేను వేడెక్కిపోయి ఆగిపోయేదాన్ని. సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోయేది. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ చెయ్యి పైనే ఉండిపోయేది, అక్షింతలు పడేవి కావు.

పెళ్ళయిన కొద్ది రోజులకే నూకాలమ్మ పోయింది. దొరబాబు ఫోన్ చేశాడు. "పెద్దకర్మకి చుట్టాలంతా వత్తారక్కా. మిగతాది తర్వాతైనా పర్లేదు. నానమ్మ అచ్చింతలేసిన ముక్క ఒక్కటి ఇయ్యక్కా."

మర్నాడే కొత్త కార్డు దిగింది. నాకంటే బారు, నాకంటే బరువు, ఒంటినిండా ఫ్యాన్లు. త్రిమూర్తులు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతి కూడా ఇచ్చాడు. సెకండ్‌హ్యాండ్‌లో వచ్చినదాన్ని, నాకు బొట్టెవరు పెడతారు? నన్ను గాడిలోంచి ఊడదీసి టేబుల్ మీద పడుకోబెట్టారు. అప్పుడు చూశాను మొదటిసారి, నా ఎదురుగా తెరను. అది నల్లగా ఉంది.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, తెర మాత్రం వెలగలేదు. కేబుల్ మార్చారు. ర్యామ్ తీసి, స్కూలు పిల్లల రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టారు. కరెంటు వైర్లు పీకి బిగించారు.

"కుంకుమ లోపల పడిందేమోనండీ" అంది తాయారు.

"శుభమా అని బొట్టెడితే ఆ మాటంటావేంటే!" అన్నాడు త్రిమూర్తులు. అన్నాడే గానీ, ఎందుకైనా మంచిదని ఊది ఊది తుడిచాడు. నన్ను మాత్రం పాత వైర్ల అట్టపెట్టెలో పడేశాడు.

చివరికి తాయారు కార్డు అమ్మిన షాపుకి ఫోన్ చేసింది. స్పీకర్లో షాపాయన మాటలు నాకూ వినిపించాయి. "మీ బోర్డు పాతదండీ. లేవగానే కార్డుని పాత పద్ధతిలో పలకరిస్తది. ఈ కొత్తదానికి కొత్త పద్ధతే తెలుసు. సెటప్‌లోకెళ్ళి అది మార్చుకోండి."

"తెర వస్తే కదండీ మార్చేది!"

"పాత కార్డుందా? అదెట్టి మార్చండి."

తాయారు పరుగున వచ్చి నన్ను వైర్ల చిక్కుల్లోంచి విడదీసింది. బ్రష్‌తో దులిపింది. గాడిలో నన్ను నొక్కినప్పుడు టక్కుమన్న చప్పుడు ఉంది చూశారూ, దానికోసం ఏమైనా ఇచ్చుకుంటాను. మదర్‌బోర్డు నన్ను పలకరించింది, నేను పలికాను. తెర వెలిగిందని వాళ్ళ కేకల్ని బట్టి తెలిసింది.

ఇక వదలరులే అని సంబరపడ్డాను. ఈలోగా తాయారు కీబోర్డు నొక్కి సెటప్ పేజీ తెరిచింది. కార్డుల్ని పాత పద్ధతిలో పిలవాలా, కొత్త పద్ధతిలో పిలవాలా అని అడిగే పేజీ అది. నన్ను సాగనంపే పేజీని నేనే గీయాలి! గీశాను. ఒక్క అక్షరం కూడా చెదరనివ్వలేదు, ఎందుకంటే ఆవిడ చత్వారపు కళ్ళతో వంగి చదువుకుంటోంది.

ఆవిడ మార్చింది, భద్రపరిచింది. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచింది. నేను గాడిలోనే ఉన్నాను, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పిలుపు కోసం చూశాను. మదర్‌బోర్డు ఏదో అంది, నాకు అర్థం కాలేదు.

"నల్లగా వచ్చిందండీ!" అని తాయారు చప్పట్లు కొట్టింది.

"నల్లగా వత్తే సంబరమేంటే?"

"దీంతో మాట్టాడ్డం మానేసిందండీ. ఇంక కొత్తదాంతో మాట్టాడతది!"

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో నన్ను చూసి ఆవిడ అంత సంతోషించడం అదే మొదలు.

నన్ను తీసి మళ్ళీ టేబుల్ మీద పెట్టి, కొత్తదాన్ని బిగించారు. ఈసారి తెర వెలిగింది. తాయారు దొరబాబు పెళ్ళి తెరిచింది. బోసినోటి నవ్వుతో ఒక ముసలమ్మ కనిపించింది. ఈవిడేనా నూకాలమ్మ! చెయ్యెత్తింది. నేను ఎప్పుడూ ఆగిపోయే చోటు అదే. ఆ చెయ్యి ఆగలేదు, కిందికి వచ్చింది. పసుపు రంగు అక్షింతలు మనవడి తల మీద జలజలా రాలాయి. తాయారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంత అందమైనదాన్నా నేను ఇన్నాళ్ళూ సగంలో ఆపేసింది!

త్రిమూర్తులు నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నాడు. తాయారు ఒప్పుకోలేదు. "బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంది చూడండి, అదైపోతే మార్చినవన్నీ మర్చిపోద్దంట. అప్పుడు మళ్ళీ ఇదే కావాలి" అంది. నన్ను కొత్త కార్డు వచ్చిన ఖాళీ డబ్బాలో పెట్టి బీరువా ఎక్కించింది. డబ్బా మీద కొత్తదాని బొమ్మ, లోపల నేను.

అప్పటి నుంచీ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ చెవులు రిక్కిస్తాను. కంప్యూటర్ మామూలుగానే లేస్తుంది. మంచిదే, తాయారు పని ఆగకూడదు. అని సర్దిచెప్పుకుంటాను గానీ, నా మనసంతా ఆ గాడి దగ్గరే ఉంది.

ఇవాళ పొద్దున తాయారు గొంతు వినిపించింది. "ఏవండీ, దీంట్లో టైము తప్పు చూపిత్తందేంటండీ?"

"ఫోన్లో చూసుకోవే" అన్నాడాయన.

బ్యాటరీ నీరసపడితే ముందుగా తప్పేది గడియారమే. పాపం, వాళ్ళకు ఆ సంగతి తెలియదు. నా మీద చాలా దుమ్ము పేరుకుని ఉంటుంది. ఆ బ్రష్ తాయారు ఎక్కడ పెట్టిందో.