నల్లకోటు ఆగిన పద్దెనిమిది రోజులు

కిందటేడు ఒక బడి పిల్లల చొక్కాలు నలభై రెండు టైలరక్క చేతి మీదుగా వెళ్లాయి. కుట్టు ముచ్చటగా ఉంది, కాలర్లు తీరుగా ఉన్నాయి, కానీ ఒక్క జేబులోనూ వేలు దూరలేదు. జేబుల నోళ్లన్నీ అక్క కుట్టేసింది. తెరిచి ఉంచితే వాటిలోంచి ఎవరో తన మాటలు వింటారని అప్పట్లో ఆమెకు గట్టి నమ్మకం.

స్కిజోఫ్రీనియా అని డాక్టరు చెప్పి పదేళ్లయింది. అది తిరగబెట్టినప్పుడల్లా బతుకు మళ్లీ ఓనమాలకొస్తుంది. ఆ సారి తల దువ్వుకోవడానికి నెల పట్టింది, ఒంటరిగా బస్సెక్కడానికి మూడు నెలలు. దుకాణానికి తిరిగొస్తే యజమాని పెద్దాయన కటింగ్ బల్ల దగ్గరకు రానివ్వలేదు, గుండీల డబ్బా చేతిలో పెట్టాడు. పదిహేనేళ్లు కత్తెర పట్టిన మనిషికి అంతకన్నా తలవంపు ఇంకేముంటుంది?

"గుండీలు కుట్టి కుట్టి నాకే నాలుగు చిల్లులు పడేట్టున్నాయి బాబాయ్ గారూ" అని రోజూ ఆయన ప్రాణం తీసేది. చివరికి ఆయన దిగొచ్చాడు. ఒక లాయరుగారి నల్లకోటు గుడ్డ బల్ల మీద పరిచి, "ఇది సరిగ్గా వస్తే బల్ల నీదేనమ్మాయ్" అన్నాడు.

ఇంట్లో మరదలిది వేరే కాపలా. అక్క నవ్వితే మాత్రలు లెక్క చూస్తుంది, నవ్వకపోతే డాక్టరుకి ఫోన్ చేస్తుంది. ఒకసారి పేపర్లో జోకు చదివి నవ్వినందుకు అక్క దాన్ని ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాల్సి వచ్చింది. ఎవరికీ నవ్వు రాలేదు. మరదలి అనుమానం ఇంకాస్త పెరిగింది.

అందుకే మూడు రోజులుగా నిద్రపట్టడం లేదని అక్క ఇంట్లో చెప్పలేదు. కోటు వచ్చిన సంబరమేలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

సోమవారం పొద్దున్న సుద్దతో గీతలు గీస్తుంటే తనకొక్కదానికే వినిపించే గొంతు పలకరించింది. పాత చుట్టమే, ముసలి ఆడగొంతు. "భుజం రెండంగుళాలు తగ్గించు" అంది. జన్మలో టేపు ముట్టని మనిషి, పెత్తనం మాత్రం మాస్టరుది. అక్క పట్టించుకోలేదు.

"పెద్దాయనకి చెప్పావో, మళ్లీ గుండీలే" అంది గొంతు.

ఆ ముక్క మాత్రం నిజంలాగే ఉంది, అక్కకి ఒళ్లు మండింది. ముందు కోటు కోసేస్తే పోలా, చెప్పడం తర్వాత చూసుకోవచ్చు. కత్తెర తీసింది. అలవాటు కొద్దీ గీతల మీద టేపు పెట్టి చూసుకుంది. కుడి భుజం రెండంగుళాలు తక్కువగా ఉంది. ఎప్పుడు గీసిందో ఆమెకు గుర్తులేదు.

చాలా భయం వేసింది. కత్తెర బల్ల మీద పెట్టి పెద్దాయన దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్ గారూ, అది మళ్లీ వచ్చింది. నేనివాళ కోయను. మా మరదలికి ఫోన్ చేయండి."

ఆయన వెంటనే ఫోన్ అందుకున్నాడు.

డాక్టరు మందు పెంచాడు. అక్క పద్దెనిమిది రోజులు ఇంట్లోనే ఉంది. సగం నిద్రలో, మిగతా సగం మరదలు కలిపి పెట్టిన ముద్దలు మింగడంలో గడిచాయి. గొంతు పూర్తిగా పోలేదు, పక్కింటి రేడియోలా సన్నబడింది. మందుకి చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. బల్ల దగ్గర ఈపాటికి ఇంకెవరో నిలబడి ఉంటారని ఆమెకు దిగులు.

పంతొమ్మిదో రోజు దుకాణం మెట్లెక్కుతుంటే లోపల లాయరుగారు ఎగిరిపడుతున్నాడు.

"మూడు వారాలవుతోందండీ, ఇంకా గుడ్డ కూడా కోయలేదా?"

"మా కటింగ్ మాస్టరుకి ఒంట్లో బాగోలేదండీ. రాగానే కోస్తుంది" అన్నాడు పెద్దాయన.

"పోనీ మీరు కోయకూడదూ?"

"అబ్బే, కోటు కోయడం నాకెక్కడొచ్చండీ."

జ్వరం వచ్చిన మనిషి గురించి చెప్పినట్టే చెప్పాడు. గుమ్మంలో నిలబడిన అక్కకి కళ్లనీళ్లు తిరిగాయి. లాయరుగారు గొణుక్కుంటూ ఆమెను దాటుకుని వెళ్లిపోయాడు. వెళ్తున్న ఆయన ఒంటి మీది పాతకోటు వంక ఎగాదిగా చూసి అక్క లోపలికొచ్చింది.

"అబద్ధమాడితే ఆడారు గానీ బాబాయ్ గారూ, కాస్త చూసుకుని ఆడండి. ఆయన తొడుక్కున్న కోటు మీరు కోసిందే. గుండీలు నేను కుట్టాను."