గోరువెచ్చని మంట

బేకరీలో అందరూ ఆయన్ని పట్టకారు అంటారు. ముప్పై ఏళ్ళుగా బట్టీ ముందు నిలబడి, సెగలు కక్కే రేకు ట్రేలను వట్టి చేతుల్తో లాగి బల్ల మీద పడేసే మనిషికి అంతకంటే మంచి పేరు ఎవరు మాత్రం పెట్టగలరు? ఆయనకీ ఆ పేరంటే ప్రాణం. ఎవరైనా చేతికి గుడ్డ చుట్టుకుని ట్రే పట్టుకుంటే చాలు, "పెళ్ళికొడుకులా ఆ సింగారం ఏమిట్రా?" అని ఏడిపించేవాడు.

అలాంటివాడికి మూడు నెలల క్రితం కుడిచేతి మీద సర్పి లేచింది. పొక్కులు ఎండిపోయి మచ్చలు మిగిలాయి. పీడ విరగడైందనుకున్నాడు. ఓ పొద్దున గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి పెట్టేసరికి ప్రాణం పోయినంత పనైంది. ఆ రోజు నుంచీ కిటికీలోంచి ఎండ పడినా మంటే, టీ గ్లాసు తగిలినా మంటే. ఈ సంగతి బేకరీలో తెలిస్తే ఇంకేమైనా ఉందా? "కుర్రాళ్ళు కూడా నేర్చుకోవాలి కదా" అని పెద్దమనిషి కబుర్లు చెప్పి, బట్టీ వదిలి పిండి పిసికే బల్ల దగ్గరికి మారిపోయాడు. ఇంట్లో టీ చల్లార్చుకుని తాగుతూ అదే ఆరోగ్యమని భార్యతో వాదించాడు. పాపం, ఆవిడ నమ్మింది కూడా.

ఇంతలో కూతురు ఇరవై రోజుల పసిపాపతో ఇంటికొచ్చింది.

"ఎత్తుకో నాన్నా" అంది గుమ్మంలోనే.

ఈ క్షణం కోసమే ఆయన నెలల తరబడి కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాడు. రెండు చేతులూ చాపాడు. పాప తల కుడి అరచేతిలో ఆనిందో లేదో, నిప్పుకణిక పట్టుకున్నట్టు చెయ్యంతా భగ్గుమంది. చప్పున బిడ్డను తల్లి చేతుల్లో పెట్టేసి, "చేతులకి పిండుందమ్మా" అన్నాడు. అప్పుడే స్నానం చేసి వచ్చాడు, పిండి ఎక్కడిది?

మర్నాడు జలుబన్నాడు. ఆ మర్నాడు నడుం పట్టేసిందన్నాడు. అన్న గంటకే అలవాటు కొద్దీ పిండి బస్తా భుజాన వేసుకుని వంటింట్లో దింపాడు. కూతురు అటే చూస్తోంది.

నాలుగో రోజు పక్కగదిలోంచి ఆమె గొంతు వినిపించింది. "నాన్నకి నా పిల్ల నచ్చలేదమ్మా. రేపే వెళ్ళిపోతాను."

ఆయన గుండె చెరువైంది. ఇక పరువూ లేదు, మర్యాదా లేదు. భార్యను పెరట్లోకి పిలిచి ఉన్నదంతా కక్కేశాడు.

"రెండు నెలల్నుంచా! ఇన్నాళ్ళూ నోరు పెట్టుకుని ఏం చేస్తున్నారండీ?" అంటూ ఆవిడ అప్పటికప్పుడు చెప్పులేసుకుని ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ ఆయన్ని కళ్ళు మూసుకోమని, చన్నీళ్ళున్న గాజు గొట్టం చేతికి ఆనించింది. "చల్లగా ఉంది" అన్నాడు దర్జాగా. గోరువెచ్చని నీళ్ళున్న రెండో గొట్టం ఆనించగానే పెట్టిన కేకకి బయట కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. భార్య ఆ గొట్టాన్ని ముట్టుకుని చూసి, "పసిపిల్లలకి పోసే నీళ్ళ కంటే చల్లగా ఉందే!" అని నోరెళ్ళబెట్టింది.

"దీన్ని థర్మోహైపరాల్జీసియా అంటారు. సర్పి పోతూ పోతూ నరాన్ని పాడుచేసింది. కాస్త వెచ్చదనం తగిలినా అది గగ్గోలు పెడుతుంది. మందు రాస్తాను, గుణం కనబడ్డానికి కొన్ని వారాలు పడుతుంది."

"ఈలోగా వెచ్చటిది పట్టుకుంటే చెయ్యి కాలుతుందా డాక్టరమ్మా?"

"ఒంటి వేడికి చెయ్యెక్కడ కాలుతుందండీ? నొప్పి పుడుతుంది, అంతే."

ఆ మాట ఆయనకి మందుకంటే ముందే పనిచేసింది. దారి పొడుగునా జబ్బు పేరు వల్లె వేస్తూ, నాలుక మడతపడినప్పుడల్లా భార్య చేత చీవాట్లు తింటూ ఇల్లు చేరాడు.

కూతురు పాపను పక్కన పడుకోబెట్టుకుని బట్టలు సర్దుకుంటోంది.

"అమ్మడూ, నాకు... థర్మో... థర్మోహైపరా..."

"ఆల్జీసియా!" అని వెనకనుంచి అందించింది భార్య. "వెచ్చగా ఏది తగిలినా మీ నాన్న చెయ్యి మండిపోతుందట. దీని బుగ్గ తగిలినా సరే."

కూతురు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పట్టకారుకా?" అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాతో చెప్పొచ్చుగా నాన్నా! నేను ఏవేవో అనుకున్నాను."

"బుద్ధి తక్కువై చెప్పలేదు. ఏదీ, దాన్నిటివ్వు."

"వద్దు నాన్నా."

"చెయ్యేం కాలదట. డాక్టరమ్మనే అడిగొచ్చాను."

ఆయన మంచం మీద కూర్చుని రెండు చేతులూ చాపాడు. కూతురు భయం భయంగా పాపను అందించింది. మంట మోచేతిదాకా పాకింది. ఆయన పళ్ళు బిగబట్టాడు. పాప ఆవులించి, ఆయన చొక్కా గుండీని పిడికిట బిగించి, కళ్ళు మూసుకుంది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు జారి గడ్డం మీదికి వచ్చాయి.

"నొప్పెడుతోందా నాన్నా?" కూతురు చేతులు ముందుకొచ్చాయి.

"చచ్చేంత" అన్నాడాయన, పక్కకి తిరిగి కూర్చుంటూ. "అప్పుడే తీసుకోకే."