ఒక మెట్టు దించిన జోలపాట

నాకున్న భయాలన్నిట్లోకీ పెద్దది మా మాస్టారమ్మ మరిచిపోతారన్నది. స్టవ్ మీద కాఫీ పెట్టిన సంగతి మరిచిపోతారు, వీధి తలుపు తీసి ఉన్న సంగతి మరిచిపోతారు, ఏదో ఒక రోజు పక్కగదిలో నా పాప నిద్రపోతున్న సంగతి కూడా మరిచిపోతారు. చిన్న భయాలైతే నాకు బోలెడు. పాప ఊపిరి వినపడకపోతే భయం, గట్టిగా వినపడినా భయం. మా ఆయన ఈవో పొగమంచులో పాల లారీ నడుపుతుంటే భయం. అవన్నీ వస్తుంటాయి, పోతుంటాయి. ఇదొక్కటే పోదు.

మాస్టారమ్మ పేరు అర్జియా. ఎనభై ఏళ్ళు. మా ఊరి థియేటరులో అరవై ఏళ్ళుగా పియానో వాయిస్తున్నారు. ఆపెరా ఆడే రోజున ఆర్కెస్ట్రా వస్తుంది, చప్పట్లు తీసుకుని పోతుంది. అంతకు ముందు రెండు నెలల పాటు గాయకులకు ఒక్కో వరుసా వాయించి నేర్పి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పి, తప్పు పాడితే పియానో మూత మీద పెన్సిలుతో టకటకా కొట్టేది ఈవిడే. ఆర్కెస్ట్రా లేకుండా ఒక్క గొంతూ ఒక్క పియానో ఉండే పాట కచేరీల్లోనైతే, గాయకుడి పక్కన ఆవిడే ఆర్కెస్ట్రా. పోస్టరులో మాత్రం ఆవిడ పేరు అట్టడుగున, అచ్చేసిన ప్రెస్సు పేరుకి ఒక్క వరుస పైన ఉంటుంది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. అమ్మకి జబ్బు చేసింది, ఇంట్లో పెద్దదాన్ని నేనే. పదహారేళ్ళకి థియేటరు కుట్టుగదిలో చేరాను. కుట్టుగదికీ రిహార్సల్ గదికీ మధ్య గోడ బాగా పలచన. ఒకరోజు గాయని నడుం కొలత తీసుకుందామని లోపలికి వెళితే, మాస్టారమ్మ రెండు చేతులూ వాయిస్తూ, పేజీ వంక చూస్తూ అవస్థ పడుతున్నారు. నేను వెళ్ళి తిప్పాను. సరిగ్గా తిప్పాల్సిన చోటే తిప్పాను. ఎలా తెలిసిందని అడిగారు. రోజూ గోడ అవతల వింటున్నాను కదా, ఎక్కడ మీ చెయ్యి ఒక్క క్షణం తడబడుతుందో అక్కడే పేజీ అయిపోతుందని తెలుసన్నాను. ఆ రోజు నుంచి నాకు స్వరాలు చదవడం నేర్పారు. ఉత్తరం రాయాలంటే ఇప్పటికీ తడుముకుంటాను గానీ స్వరాలు చదవాలంటే తడుముకోను.

పేజీ తిప్పేవాళ్ళు పియానోకి ఎడమపక్కన, కాస్త వెనక్కి కూర్చోవాలి. చేతికి గొలుసు ఉండకూడదు, సెంటు రాసుకోకూడదు, కాలితో తాళం వెయ్యకూడదు. ఆఖరి వరుస రాగానే లేచి, పేజీ పై మూల పట్టుకుని, ఆవిడ గడ్డం కదిలినప్పుడు తిప్పి, మళ్ళీ లేనట్టు కూర్చోవాలి. ఎవరి కంటా పడకుండా ఉండడమే పని కాబట్టి నాకు అతికినట్టు సరిపోయింది.

మా నొవెల్లా పుట్టాక, నేను కుట్టుగదికి వెళ్ళేటప్పుడు పాపను మాస్టారమ్మ దగ్గరే వదులుతూ వచ్చాను. పాపకిప్పుడు పది నెలలు. మొన్నటి చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆవిడ ఇంటి మెట్లెక్కుతుంటే మాడు వాసన వచ్చింది. లోపల స్టవ్ మీద కాఫీ కెటిల్ నీళ్ళన్నీ ఇగిరిపోయి, అడుగు ఎర్రగా కాలిపోయి ఉంది. పక్కగదిలో మాస్టారమ్మ జోలపాట ఒకటి వాయిస్తున్నారు, బుట్టలో పాప హాయిగా నిద్రపోతోంది. స్టవ్ ఆపి కెటిల్ చూపించాను. దీన్ని ఎవరు పెట్టారని ఆవిడ నన్నే అడిగారు. ఇంకో రోజు పాపను పూటంతా వాళ్ళ చెల్లెలి పేరుతో పిలిచారు. ఆ చెల్లెలు పోయి ముప్పై ఏళ్ళయింది.

వసంతంలో థియేటరు వాళ్ళు ఆవిడ అరవై ఏళ్ళ కొలువుకి పండగ చేస్తామన్నారు. ఆవిడ దగ్గర నేర్చుకుని పెద్ద పెద్ద థియేటర్లకి వెళ్ళిన వాళ్ళంతా వచ్చి తలా రెండు పాటలు పాడతారు, చివరన ఓర్నెల్లా నాలుగు పాడుతుంది. ఓర్నెల్లా మా చేపల కొట్టు వాళ్ళమ్మాయి, ఇప్పుడు విమానాల్లో తిరుగుతూ పాడుతోంది. అన్నిటికీ పియానో మాస్టారమ్మదే. పోస్టరులో మొదటిసారి ఆవిడ పేరు అన్నిటికంటే పైన, అరచెయ్యంత అక్షరాల్లో వేశారు. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. పేరు ఇంత పెద్దగా వేస్తే తప్పు కూడా అంత పెద్దగానే కనపడుతుందని అన్నారు.

వారం ముందు, పాపకి చొక్కా తొడుగుతూ నన్ను పిలిచారు.

"ఏమే పిల్లా, ఆ కెటిల్ సంగతి ఎవరితోనన్నా అన్నావా?"

అనలేదన్నాను.

"అనకు. ఆదివారం స్టేజీ మీద నేను దారి తప్పాననుకో, మనం ఎక్కడున్నామో అక్కడ పుస్తకం మీద వేలు పెట్టు. వేలు చూసి కూడా నేను అందుకోలేకపోతే, పియానో మూత వేసేసి లేచిపోతాను. ఇక ముట్టుకోను. అప్పుడు నువ్వు కూడా పాపను నా దగ్గర వదలకు."

సరేనన్నాను. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

మా ఊళ్ళో గాయకులు భయపడేది డైరెక్టరుకి కాదు, పై గ్యాలరీకి. చవక టికెట్ల వాళ్ళుండేది అక్కడే, చెవులున్న వాళ్ళూ అక్కడే. వాళ్ళందరికీ పెద్ద ఆల్దీనో. నలభై ఏళ్ళు చీజు ముదరబెట్టే జున్ను గిడ్డంగిలో పనిచేశాడు. బండి చక్రమంత జున్ను గడ్డని చిన్న సుత్తితో తట్టి, ఆ మోత విని, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. అదే చెవితో పాటలూ వింటాడు. పై స్వరం అందదని శ్రుతి దించి పాడేవాళ్ళను అసలు వదలడు. ఒకసారి ఎక్కడినుంచో వచ్చిన పెద్ద గాయకుడొకాయన అర మెట్టు దించి పాడాడు. పాట అయ్యీ అవగానే పైనుంచి ఆల్దీనో, "మిగతా అర మెట్టు ఏ రైలుకొస్తోంది బాబూ?" అని అడిగాడు. ఆ బాబు మళ్ళీ మా ఊరు రాలేదు.

మాస్టారమ్మకీ ఆయనకీ అరవై ఏళ్ళుగా పడదు. ప్రతి శనివారం ఆవిడకి ఒక జున్ను ముక్క పంపుతాడు, దాన్ని చుట్టిన కాగితం మీద ఆ వారం కచేరీలో తప్పులు రాసి పంపుతాడు. ఆవిడ జున్ను తిని కాగితం దాచుకుంటారు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి కచేరీ. ఈవో పాపను ఎత్తుకుని గ్యాలరీకి వెళ్ళాడు. ఏడిస్తే వెంటనే బయటికి తీసుకెళ్ళమని పదిసార్లు చెప్పాను. పదకొండోసారి చెప్పబోతే చెవులు మూసుకున్నాడు. నేను కిందకి దిగి గ్రీన్ రూములోకి వచ్చేసరికి ఓర్నెల్లా మెడకి మఫ్లరు చుట్టుకుని తేనె కలిపిన పాలు తాగుతోంది. ముక్కు ఎర్రగా ఉంది. మాస్టారమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఏదో మాటామాటా అయిందని అర్థమైంది గానీ ఏమిటో తెలియలేదు.

మొదటి సగం చక్కగా నడిచింది. పెద్ద థియేటరు నుంచి వచ్చిన లావుపాటి గాయకుడు పాడాక వంగి ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. కాలరు మాసిపోయిందని ఆవిడ ఆయన చెవిలో చెప్పారు. ఆయన సిగ్గుపడటం మూడో వరుస దాకా కనపడింది. ఆవిడ వేళ్ళు ఎక్కడా తడబడలేదు. నేను పేజీలు తిప్పుతూ ఊపిరి కాస్త కాస్త వదులుతున్నాను.

ఓర్నెల్లా మొదటి రెండు పాటలూ బాగా పాడింది. మూడో పాటలో పైకి వెళ్ళిన చోట గొంతు గరగరలాడింది. గుడ్డ చిరుగుతున్నట్టు చిన్న చప్పుడు, అంతే. హాల్లో ఎవరూ కదల్లేదు. గ్యాలరీలో మాత్రం ఒక కుర్చీ కిర్రుమంది.

నాలుగోది జోలపాట. మాస్టారమ్మ మా పాపకి రోజూ వాయించేది అదే. దాని చివర ఒక పై స్వరం ఉంది, దాన్ని సన్నగా పట్టుకుని నెమ్మదిగా వదలాలి. నేను పేజీ సరిచేసి కూర్చున్నాను. ఆవిడ చేతులు పియానో మెట్ల మీద పెట్టారు. మొదలుపెట్టారు.

వేళ్ళు పడాల్సిన చోట పడలేదు.

పుస్తకంలో ఒకటి రాసి ఉంది, ఆవిడ చేతులు ఇంకొకటి వాయిస్తున్నాయి. ఎడమచేతి చిటికెన వేలు నల్ల మెట్టు మీద ఉండాలి, తెల్ల మెట్టు మీద ఉంది. అయిపోయింది, మరిచిపోయారు అనుకున్నాను. లేచి, చెప్పినట్టే, మేమున్న చోట పుస్తకం మీద వేలు పెట్టాను. ఆవిడ ఆగలేదు, మార్చలేదు. వేలు ఇంకా గట్టిగా నొక్కాను.

"వేలు తియ్యవే," అన్నారు పెదవి కదపకుండా. "స్వరాలు కనపడట్లేదు."

వేలు తీశాను. అప్పుడు విన్నాను. అప్పటిదాకా పుస్తకాన్ని చూస్తున్నానే గానీ పాట వినలేదు. ఒక్క స్వరం కూడా తప్పిపోలేదు. పాట మొత్తం, చిన్న చిన్న అలంకారాలతో సహా, సరిగ్గా ఒక మెట్టు కిందికి దిగి కూర్చుంది. ఆవిడ పేజీ మీద ఉన్నది చదువుతూ, దాన్ని అప్పటికప్పుడు మనసులో దించుకుని వాయిస్తున్నారు. ఎనభై ఏళ్ళ మనిషి, ముందు అనుకోకుండా, నిండు హాలు ముందు.

ఓర్నెల్లా భుజం ఒక్కసారి కదిలింది. ఆమెకి అర్థమైంది. ఒక్క క్షణం మాస్టారమ్మ వైపు ఓరగా చూసి పాట అందుకుంది. అలా దించిన చోట ఆమె గొంతు వెచ్చని రొట్టెలా ఉంది. నేను పేజీ తిప్పడం మరిచిపోయేదాన్నే, ఆవిడ గడ్డం కదలబట్టి సరిపోయింది. చివరి స్వరం సన్నగా పట్టుకుని, సన్నగా వదిలింది. పియానో ఆగింది.

చప్పట్లు లేవు.

మా ఊళ్ళో పాట అయ్యాక హాలు నిశ్శబ్దంగా ఉందంటే ఏమిటో నాకు తెలుసు. మాస్టారమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత ఒక చెయ్యి మూత వైపు వెళ్ళింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. పట్టుకుందామనిపించింది గానీ పేజీ తిప్పేవాళ్ళు అలా చెయ్యకూడదు.

పైనుంచి ఆల్దీనో గొంతు వినపడింది. ఎప్పుడూ అరిచే మనిషి ఈసారి మెల్లగా మాట్లాడాడు.

"ఒక మెట్టు దించావు, అర్జియా."

అరవై ఏళ్ళలో ఆయన ఆవిడని పేరు పెట్టి పిలవగా మేమెవరమూ వినలేదు. హాలంతా తలలెత్తి చూసింది.

"పాప నా భుజం మీద పడుకుంది. దించిందే ఉంచు. ఇంకోసారి వాయించు. చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టకండి, లేస్తుంది."

ముందు ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆరు వందల మంది చప్పుడు కాకుండా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. మాస్టారమ్మ మూత మీది చెయ్యి తీసి నా వైపు తిరిగి, మొదటి పేజీకి తిప్పమన్నారు. తొందరలో రెండు పేజీలు కలిపి తిప్పేశాను. ఆవిడే సరిచేసుకున్నారు.

తర్వాత థియేటరు వసారాలో బల్లలు వేసి భోజనాలు పెట్టారు. పులుసులో మాంసం కూరిన చిన్న కుడుములు, నూనెలో వేయించిన రొట్టె, నురగ వచ్చే ఎర్ర వైను. గ్రీన్ రూములో జరిగిన తగవు అప్పుడు బయటపడింది. ఒక మెట్టు దించుదామని మాస్టారమ్మ అన్నారట. ఆల్దీనో ముందు, సొంత ఊళ్ళో, తన తలకాయ తీసేసినట్టు ఉంటుందని ఓర్నెల్లా ఒప్పుకోలేదట. మూడో పాటలో గొంతు విన్నాక ఇక ఆమెని అడగడం దేనికి అనిపించిందట ఈవిడకి. ఓర్నెల్లా ఆవిడని వాటేసుకుని, ఇలాంటి మొండిఘటాన్ని ప్రపంచంలో ఎక్కడా చూడలేదంది. గ్యాలరీలో ఈవో దగ్గర్నుంచి పాపను ఎత్తుకున్న ఆల్దీనో భుజం మీద చొంగ మరక అలాగే ఉంది, దాన్ని అందరికీ చూపిస్తున్నాడు.

అప్పుడు మాస్టారమ్మ, నన్ను దాచమన్న సంగతిని తనే బయటపెట్టారు.

"పాట అన్ని శ్రుతుల్లోనూ గుర్తుంది. గ్యాస్ ఆపానో లేదో మాత్రం గుర్తుండట్లేదు. పాపం ఈ పిల్ల వారం నుంచి ఎండిపోతోంది," అన్నారు.

ఆల్దీనో రొట్టె నమిలి మింగి, రేపటి నుంచి పొద్దున్నే వచ్చి నీ తలుపు నా సుత్తితో తడతానన్నాడు.

"మోత విని చెప్తాను, లోపల పగులుందో లేదో."

"తలుపు మీద గీత పడిందో, నీ మీద పడుద్ది," అన్నారు ఆవిడ.

ఆ మాట ప్రకారం రోజూ వస్తున్నాడు. సుత్తితో మూడుసార్లు తట్టి, లోపలికెళ్ళి, కాఫీ తనే పెట్టి, తనే ఆపి, గంటసేపు పోట్లాడి వెళ్తున్నాడు. నేను కూడా కుట్టుపని ఆవిడ వంటగదిలోకి తెచ్చుకున్నాను. స్టవ్ నా కళ్ళ ముందు ఉంటుంది, పాప బుట్టలో ఉంటుంది, పక్కగదిలోంచి జోలపాట వినపడుతుంది. ఇప్పుడు దాన్ని దించిన శ్రుతిలోనే వాయిస్తున్నారు. పాపకి అదే అలవాటైంది.

అయితే వచ్చే వారం నేను పాపను తీసుకుని కొండల మీదున్న ఈవో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఆవిడకి మోకాలి ఆపరేషను, రెండు నెలలు పడుతుంది. మిగతా రోజులకి ఆల్దీనో ఉన్నాడు. గురువారాలు మాత్రం ఆయన కుర్రాళ్ళకి సుత్తి వాడటం నేర్పడానికి జున్ను గిడ్డంగికి పోతాడు. ఆ రోజు ఎవరూ లేరు. రాత్రి లేచి కూర్చుని అదే ఆలోచిస్తున్నాను, అందుకే ఇదంతా రాశాను.

మీరు గురువారం ఎప్పుడైనా మా ఊరు వైపు వస్తే, థియేటరు వెనక సందులో పదకొండో నంబరు ఇంటికి, మూడో అంతస్తుకి ఒక్కసారి వెళ్ళండి. పియానో వినపడుతుంటే బెల్లు కొట్టకండి, పాట అయ్యేదాకా మెట్ల మీద కూర్చోండి. ఆగాక లోపలికెళ్ళి ముందు వంటగదిలో స్టవ్ చూడండి. నేను పంపానని మాత్రం చెప్పకండి, పేజీ తిప్పడానికి వచ్చామని చెప్పండి.