జీపు తలుపు

సింహం గొలుసు తెంపుకోగానే ఇంటివాళ్లంతా జీపెక్కి తలుపులు బిగించుకున్నారు. ఎగైలా పట్నంలో ఉండే ఆ అరబ్బు కుటుంబం చలికాలంలో ఎడారికి వచ్చి గుడారాలు వేసుకుంది. పెద్దకొడుకు ముచ్చటపడి పెంచుతున్న సింహాన్నీ, వంటకు కడప మనిషి అంకాలమ్మనూ వెంట తెచ్చుకుంది.

అంకాలమ్మ పరుగెత్తి వెళ్లి జీపు తలుపు బాదింది. ఆ ఇంటి పిల్లలకు ముద్దలు కలిపి పెట్టిన చేతులవి. అద్దం వెనక, పనివాళ్లంతా 'మామా' అని పిలిచే యజమానురాలు తల అడ్డంగా ఊపింది. అంతే, తలుపు తెరుచుకోలేదు.

అంకాలమ్మ వంట గుడారంలోకి నడిచింది. విందుకని కోసి ఉంచిన పొట్టేలు మాంసాన్ని గంగాళంతో సహా సింహం ముందుకు తోసింది. అది మొత్తం మెక్కి, గుడారం నీడలో వాలి కళ్లు మూసుకుంది.

అప్పుడు జీపు అద్దం వేలెడంత దించి యజమానురాలు కేకేసింది.

"అంకాలమ్మా, దాన్ని కట్టెయ్! యల్లా, తొందరగా!"

అంకాలమ్మ గుడారం ముందే చాప పరుచుకుని, తన అన్నం గిన్నె మూత తీసింది.

"నేను తలుపు కొడితే తీయకపోతిరి గదా మామా. ఇప్పుడు అన్నం తింటాండా. మీ సింహమే గదా, తలుపు తీసుకోని వచ్చి మీరే కట్టేసుకోండి."