నిశ్చింతగా తినవచ్చు

ప్రసూన పేరు పత్రికలో మొదటిసారి అచ్చయింది పుల్లగూరతో. చుక్కాకు, తోటకూర, రెండు వంకాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు ఉడకబెట్టి, పప్పుగుత్తితో ఎనిపి తిరగమాత వేసే కూర. కడప జిల్లాలో అది చేయడం రాని ఇల్లు ఉండదు. అయినా అచ్చులో తన పేరు, కింద ‘ప్రొద్దుటూరు’ అని ఊరి పేరు చూసుకునేసరికి ఆమెకు కడుపు నిండిపోయింది. డిగ్రీ చదివి పెళ్లి చేసుకుని, ఇరవై ఏళ్లుగా వంటింటి గడప దాటని మనిషి. భర్త ఆదినారాయణ బట్టల అంగట్లో పని చేస్తాడు. ఆయన ఆ పేజీని అంగడికి పట్టుకుపోయి పదిమందికి చూపించి వచ్చాడు.

తర్వాత ఆమె కొర్రన్నం, ఉలవచారు రాసి పంపింది. అవి రాలేదు. ఒకరోజు పత్రిక ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి ఎంతో మర్యాదగా చెప్పాడు. మీ చేతిలో రుచి ఉందమ్మా, కానీ ఇట్లాంటివి ఫొటోలో మట్టిముద్దలా కనబడతాయి, కాస్త రంగు ఉండేవి, చూడగానే నోరూరేవి పంపండి అన్నాడు. ప్రసూనకు విషయం అర్థమైంది. ఆ నెల నుంచి ఆమె కూరల్లోకి జీడిపప్పు ముద్ద వచ్చింది, మీగడ వచ్చింది, పనీరు వచ్చింది. కిటికీ దగ్గర పెట్టి ఫొటో తీశాక ఆ కూరను ఇంటిల్లిపాదీ ఒక పూట తినేవాళ్లు. మరునాడు మామూలే, సంగటి, పప్పు, రోట్లో నూరిన ఊరిబిండి. ఆదినారాయణ వాటికి ‘పత్రికకూర’ అని పేరు పెట్టాడు. “పత్రికకూర బాగుండాది గానీ, రేపు ఇంటికూర చెయ్” అనేవాడు.

తమ సందులో నెలకు అరకిలో జీడిపప్పు కొనే ఇల్లు ఒక్కటి కూడా లేదని ఆమెకు తెలుసు. ఉన్నవాళ్లు చేసుకుంటారు, లేనివాళ్లు చదివి వదిలేస్తారు, ఎవరు బలవంతం చేస్తున్నారు అని సర్ది చెప్పుకుంది.

లడ్డు సంగతి ఆ తర్వాతది. రాగిపిండి, వేయించిన కొర్రపిండి, జీడిపప్పు, బాదం, ఖర్జూరం, బెల్లం, నెయ్యి. బడికి పోయే పిల్లలకు బలమని రాసి పంపింది. అచ్చులో అరపేజీ వచ్చింది, మొదటిసారి ఆమె ఫొటోతో సహా. పైన పెద్దక్షరాల్లో ‘చక్కెర లేని సిరిధాన్యాల లడ్డు’, దాని కింద ‘షుగరు ఉన్నవారు నిశ్చింతగా తినవచ్చు’ అని ఉంది. ఆ మాట ప్రసూన రాయలేదు. ఆఫీసులో ఎవరో చేర్చారు.

అది తప్పని చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకుంది. అంతలో పక్కింటామె పత్రిక పట్టుకుని వచ్చింది, మైదుకూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు, సందులో ఆడవాళ్లు నలుగురు వచ్చి ఫొటో ఎంత బాగుందో చెప్పారు. సాయంత్రానికి ఆమెకే అనిపించింది, ఇప్పుడు తప్పు పడితే వచ్చే నెల ఆ అరపేజీ ఇంకొకరికి పోతుందని. ఫోన్ చేయలేదు.

ఆ సాయంత్రమే అత్త శ్యామలమ్మ ఒక లడ్డు అడిగింది. ఆమెకు పన్నెండేళ్లుగా షుగరు.

“నీకొద్దు అత్తా. దాంట్లో పావుకిలో బెల్లముంది” అంది ప్రసూన.

“షుగరోళ్లు తినొచ్చని రాసినారంట గదా. పక్కింటామె చదివి చెప్పింది.”

“అది పత్రికోళ్లు రాసుకున్న మాట” అని ప్రసూన లడ్ల డబ్బాను అటక మీద పెట్టింది.

రెండేళ్లు గడిచాయి. ఆమె పేరు జిల్లాలో కొంత తెలిసింది. పులివెందులలో ఒక మహిళా సంఘం వాళ్లు కల్యాణ మండపంలో వంటల పోటీ పెట్టి, ఆమెను న్యాయనిర్ణేతగా పిలిచారు. పట్టుచీర కట్టుకుని ముద్దనూరు మీదుగా బస్సులో వెళ్లింది. బల్లల మీద ముప్పై నలభై పళ్లాలు. సగానికి పైగా జీడిపప్పులు, మీగడలు, టమోటాతో చేసిన పువ్వులు. చూసుకుంటూ పోతూ ఉంటే అవన్నీ తను నేర్పినవే అనిపించి ఆమెకు గర్వంగా ఉంది.

చివరి బల్ల దగ్గర నలభై ఏళ్ల మనిషి, నల్ల బురఖా ముసుగు వెనక్కి వేసుకుని నిలబడి ఉంది. ఆమె ముందు పళ్లెంలో లడ్లు. పేరు మస్తానమ్మ అని, జమ్మలమడుగు నుంచి వచ్చానని, జాకెట్లు కుడతానని చెప్పింది. పోటీలో గెలవాలని రాలేదట. ఎవరో ప్రసూన వస్తోందని చెబితే చూసి పోదామని వచ్చిందట. సంచిలోంచి బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి తీసింది. అందులో పేజీకొకటి చొప్పున గంజితో అతికించిన పత్రిక ముక్కలు, అన్నీ ప్రసూనవే. లడ్డు పేజీ పసుపు, నెయ్యి మరకలతో మెత్తబడిపోయి ఉంది.

నిలబడే ఆమె తన కథ చెప్పింది. భర్త కమాల్ బాషా కువైట్‌లో పదకొండేళ్లు డ్రైవరుగా చేసి షుగరుతో తిరిగి వచ్చాడు. ఆయనకు తీపి అంటే ప్రాణం. డాక్టరు తీపి మానమన్న రోజు నుంచి చిన్నపిల్లాడిలా ముఖం ముడుచుకుని కూర్చునేవాడు. జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ ఇంట్లో ఈ పేజీ కనబడితే, అడిగి కత్తిరించుకుని తెచ్చింది. ఆ రోజు నుంచి పొద్దున సంగటి మాన్పించి రెండు లడ్లు, సాయంత్రం టీతో ఒకటి. బాదం, జీడిపప్పు కొనాలని తను పాలు మానుకుంది, పిల్లలకు వారానికి నాలుగు గుడ్లు ఇచ్చేది ఒకటికి తగ్గించింది. ఆయన మాత్రం ఆ లడ్డు తింటూ, ఇది మందులాంటిది అని అందరికీ చెప్పుకునేవాడు. పోయిన ఎండాకాలం కాలికి చెప్పు కరిచింది. ఆ పుండు మానలేదు. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు.

ఇదంతా ఆమె ఫిర్యాదులా చెప్పలేదు. చెప్పి, కొంచెం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

“అక్కా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. జీడిపప్పు లేనప్పుడు నేను చెనిక్కాయలేసి చేస్తాంటి. ఉండ నిలబడక బెల్లం ఇంకొంచెం ఎక్కువేస్తాంటి. మీరు రాసినట్టు చేయకపోయేసరికే ఆయనకు అట్లయిందా?”

వేదిక మీద నుంచి ఎవరో మైకులో ప్రసూన పేరు పిలుస్తున్నారు. వేరుశనగలతో ఏమీ కాదులే, డాక్టరు చెప్పినట్టు చెయ్ అని గబగబా అనేసి కదలబోయింది. మస్తానమ్మ ఆమెను ఆపి, పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. నోటుపుస్తకం చివరి కాగితం చించి తన ఫోన్ నంబరు రాసి ఇచ్చింది. ఆమెకు ఒక ప్రోత్సాహక బహుమతి, స్టీలు డబ్బా, ప్రసూన చేతుల మీదుగానే ఇప్పించారు.

తిరుగు బస్సులో ప్రసూన కిటికీ వైపు తల తిప్పుకుని కూర్చుంది. ఇంట్లో పది రోజులు ఎవరికీ చెప్పలేదు. పదకొండో రోజు భర్తకు చెప్పింది. ఆదినారాయణ అంతా విని, మనిషి ఒంటికి వంద కారణాలు ఉంటాయి, ఆయన మాత్రలు సరిగ్గా మింగినాడో లేదో నీకేం తెలుసు, అయినా ఆ మాట నువ్వు రాయలేదు కదా అన్నాడు. అన్నీ నిజాలే. ఆ నిజాలు పట్టుకుని ఆమె ఇంకో రెండు రోజులు గడిపింది. మూడో రోజు పొద్దున శ్యామలమ్మకు జొన్నరొట్టె పెడుతూ, ముసలామె పాదాల వైపు చూసింది. పది వేళ్లూ ఉన్నాయి. రొట్టె పళ్లెం అక్కడ పెట్టేసి, చీర మార్చుకుని, మస్తానమ్మకు ఫోన్ చేసి ఇల్లెక్కడో అడిగి జమ్మలమడుగు బస్సు ఎక్కింది.

మస్తానమ్మ ఇల్లు రెండు గదులు. ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కన మంచం మీద కమాల్ బాషా. కాలి కింద దిండు పెట్టుకుని ఉన్నాడు. పత్రికలో ఫొటో పడే మనిషి తన ఇంటికి వచ్చిందని ఆయన సంబరంగా లేచి కూర్చోబోయాడు. మస్తానమ్మ వద్దంటున్నా వినకుండా టీ పెట్టింది. ఆ గ్లాసు చేతిలో పట్టుకునే ప్రసూన చెప్పింది. బెల్లమైనా, ఖర్జూరమైనా షుగరుకు చక్కెరతో సమానమేనని, తను చెప్పిన కొలతతో చేసినా అంతేనని, షుగరు వాళ్లు తినొచ్చన్న మాట తను రాయలేదని, అచ్చయ్యాక చూసి కూడా ఊరుకున్నానని.

కమాల్ బాషా కాలి కింద దిండు సర్దుకున్నాడు. మస్తానమ్మ మిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. అక్కడి నుంచే అడిగింది.

“మీ ఇంట్లో ఎవరికన్నా షుగరుందా అక్కా?”

“మా అత్తకు ఉంది.”

“ఆమెకు పెట్టినారా ఆ లడ్డు?”

“లేదు.”

“అడగల్యా ఆమె?”

“అడిగింది. నేనే వద్దంటి.”

మస్తానమ్మ తల ఊపింది. కోపంగా ఒక్క మాట అని ఉంటే ప్రసూన తట్టుకునేది. ఆమె కుట్టాల్సిన జాకెట్టు ముక్కను ఒళ్లో వేసుకుని, మడత విప్పి, మళ్లీ మడిచింది.

“నా బిడ్డల గుడ్లు ఆపి చేస్తి అక్కా” అంది చివరికి. అంతే.

కమాల్ బాషా భార్య వైపు, ప్రసూన వైపు చూసి, మనసు తేలిక చేయాలనుకున్నాడో ఏమో, “తప్పు నాది గూడా ఉండాదిలేమ్మా. లడ్డు మందని అనుకుని రాత్రి మాత్ర వదిలేస్తాంటి. అయినా తీపి బాగుండె, అబద్ధం ఎందుకు చెప్పాల” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ప్రసూన లేచినప్పుడు గుమ్మం దాకా ఆయనే గోడ పట్టుకుని కుంటుతూ వచ్చాడు. మస్తానమ్మ రాలేదు.

ఇంటికి వచ్చి ప్రసూన పత్రికకు ఉత్తరం రాసింది. ఫోన్ కూడా చేసింది. ఆఫీసాయన మునుపటి మర్యాదతోనే విని, తప్పకుండా చూస్తాం అన్నాడు. రెండు నెలల తర్వాత చివరి పేజీలో, పదవినోదం జవాబుల కింద ఒక చిన్న ప్రకటన వచ్చింది. ‘సిరిధాన్యాల లడ్డును మధుమేహం ఉన్నవారు మితంగా తీసుకోవాలి’ అని. ఏ సంచికలోదో చెప్పలేదు, ఎందుకో చెప్పలేదు. ప్రసూన మళ్లీ పుల్లగూర, జొన్నరొట్టె, కొర్రన్నం రాసి పంపింది, ఎవరు ఎంత తినాలో డాక్టరును అడిగి మరీ. అవి అచ్చు కాలేదు. ఆ అరపేజీలో ఇప్పుడు వేరే ఊరి ఆమె ఫొటో వస్తోంది.

మస్తానమ్మకు నాలుగైదు సార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఒకసారి పెద్దమ్మాయి ఆస్మా ఎత్తి, అమ్మ పనిలో ఉందని చెప్పి పెట్టేసింది.

ఆ ఏడాది చివర్లో దూరపు చుట్టాలింట్లో సీమంతానికి ప్రసూన మైదుకూరు పక్కన ఖాజీపేట వెళ్లింది. భోజనాలయ్యాక ఆ ఇంటి పెద్దామె రమణమ్మ లోపలి నుంచి డబ్బా తెచ్చి అందరికీ లడ్లు పంచింది, తనూ ఒకటి తీసుకుంది. రాగిరంగు లడ్లు.

“షుగరుందంటివే పెద్దమ్మా, అది తింటాండావేంది?” అని అడిగింది ప్రసూన.

“ఇది షుగరోళ్లకు చేసేదే. కోడలు పత్రికలో చూసి చేసింది” అంది రమణమ్మ.

అందులో బెల్లం ఉందని, తినకూడదని ప్రసూన చెప్పింది. పత్రికలో పడినది తప్పు అని చెప్పింది. రమణమ్మకు నచ్చలేదు.

“అచ్చేసినోళ్లకు తెలీదా? నీకు తెలిసిందేంది?”

“అది రాసింది నేనే పెద్దమ్మా.”

ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, తమాషాకు అంటోందనుకున్నారు. కోడలు మాత్రం వచ్చి డబ్బా లోపలికి తీసుకుపోయింది, నమ్మి తీసుకుపోయిందో, చుట్టాల ముందు మాట పెరగకూడదని తీసుకుపోయిందో తెలియదు. రమణమ్మ చేతిలో ఉన్న లడ్డు సగం కొరికి ఉంది. మిగతా సగం కూడా నెమ్మదిగా తినేసింది.